ఊపిరితిత్తుల కణితిలో రోగనిరోధక కణాలు: పట్టభద్రుల ముందున్న పని



మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతానికి శాస్త్రలోకంలో పేరు తెచ్చినవి టీకాలు. ఇక్కడి జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలిసి రూపొందించిన కోవాగ్జిన్‌కు 2021 జనవరిలో అత్యవసర అనుమతి లభించింది. టీకా బయటి శత్రువును ముందుగా పరిచయం చేసి రోగనిరోధక కణాలను సిద్ధం చేస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం దేహంలోని సొంత కణమే దారితప్పి పెరుగుతుంది కనుక, దానిని పరాయిదిగా గుర్తించడమే రోగనిరోధక వ్యవస్థకు కష్టమవుతుంది.

కణితిలో క్యాన్సర్ కణాలతోపాటు రక్తనాళాలు, పీచు కణజాలం, అనేక రకాల రోగనిరోధక కణాలు ఉంటాయి. వాటిలో డెండ్రైటిక్ కణాలు క్యాన్సర్ కణాల ప్రోటీన్ శకలాలను సమీప లింఫ్ గ్రంథులకు చేర్చి టి కణాలకు చూపగా, వాటిని గుర్తుపట్టిన సీడీ8 టి కణాలు కణితిలోకి చేరి క్యాన్సర్ కణాలను చంపుతాయి. అయితే సొంత కణజాలంపై దాడి జరగకుండా కాపాడే నియంత్రక టి కణాలు కణితిలో క్యాన్సర్ కణాలపై జరిగే దాడినే అణచివేస్తాయి. సూక్ష్మజీవులను మింగవలసిన మాక్రోఫేజ్‌లు కణితి సంకేతాలకు లోబడి కొత్త రక్తనాళాల పెరుగుదలకు తోడ్పడతాయి. అందువల్ల కణాలు ఎన్ని ఉన్నాయన్న లెక్కతోపాటు, అవి ఏ రకానివో, ఎక్కడ, ఏ స్థితిలో ఉన్నాయో తేల్చవలసి ఉంటుంది.

1992లో శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం కనుగొన్న పీడీ-1 అనే ప్రోటీన్ టి కణానికి కళ్లెం వంటిది. క్యాన్సర్ కణం తన పీడీ-ఎల్1 ప్రోటీన్‌తో ఆ కళ్లేన్ని బిగిస్తుంది. ఈ బంధాన్ని అడ్డుకునే మందులకు 2015లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్సకు అనుమతి లభించగా, ఇలాంటి కళ్లేలను సడలించే చికిత్సకు బాట వేసినందుకు హోంజో, మరో శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్‌లకు 2018లో నోబెల్ బహుమతి దక్కింది. అయినా టి కణాలు చేరని కణితిలో ఈ మందులు అంతగా పనిచేయవు. పైగా అదుపు తప్పిన టి కణాలు కొందరిలో ఊపిరితిత్తులపైనే దాడి చేసి న్యుమోనైటిస్ అనే వాపును కలిగిస్తాయి. ఈ మందుల ధర కూడా సామాన్య కుటుంబానికి భారమే.

కణాన్ని తెలుసుకోవడం నుంచే మందు పుడుతుందనడానికి ఒక పాత ఉదాహరణ ఉంది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపైన, దానిని అడ్డుకునే రసాయనాలపైన పరిశోధన నడిపించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్తక్యాన్సర్ తాత్కాలికంగా తగ్గినట్టు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. కణానికి ఏది అవసరమో తెలిసిన తరువాతే దానిని దేనితో ఆపాలో తెలిసింది.

టీకాల తయారీలో ఈ ప్రాంతం గడించిన నైపుణ్యం పీడీ-1 బంధాన్ని అడ్డుకునే ప్రోటీన్ మందులను చవకగా తయారుచేయడానికి తోడ్పడగలదు. అయితే ఏ రోగికి ఏ మందు అన్న నిర్ణయానికి ఇక్కడి రోగుల కణితులను ఓపికగా పరిశీలించిన జ్ఞానమే ఆధారం కావాలి. ప్రయోగశాలలో చేరే పట్టభద్రులైనా, ఆసుపత్రిలో చేరేవారైనా ఆ పరిశీలనను తమ పనిగా స్వీకరిస్తే, నేటి పట్టాకు సార్థకత చేకూరుతుంది.