పసిమెదడు నేర్చుకునే శక్తి



సెరెబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతం కలిగిన పిల్లలను గురించి నాలుగు మాటలు మనవి చేయదలిచాము. మన దేశంలో వెయ్యిమంది పిల్లలలో సుమారు ఇద్దరు ముగ్గురికి ఈ బాధ ఉంది. గర్భంలో గాని, కాన్పులో గాని, పుట్టిన తొలి రోజులలో గాని మెదడుకు దెబ్బ తగిలితే ఇది వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ప్రాణవాయువు అందకపోవడం, పచ్చకామెర్లు బాగా ముదరడం, మెదడువాపు దీనికి ముఖ్య కారణాలు. గ్రహణం వల్లనో, తల్లి చేసిన తప్పు వల్లనో వచ్చేది కాదు. అంటువ్యాధి అసలే కాదు.

మెదడులో చనిపోయిన భాగం మళ్ళీ బ్రతకదు. దీనిని పూర్తిగా పోగొట్టే మందు గాని, ఇంజెక్షను గాని నేటికీ లేదు. ఉందని చెప్పేవారిని నమ్మి పొలాలు అమ్ముకోవద్దని మా మనవి. అంతమాత్రాన ఆశ వదులుకోనక్కరలేదు. మిగిలిన మెదడు కొత్త దారులు వేసుకోగలదు. పొలం గట్టున రోజూ నడిస్తే బాట పడుతుంది, నడక మానితే గడ్డి మొలుస్తుంది. మెదడు సంగతీ అంతే. ఈ గుణాన్నే శాస్త్రజ్ఞులు న్యూరోప్లాస్టిసిటీ అంటారు. ఇది జీవితాంతం ఉన్నా, పసితనంలో మిక్కుటంగా ఉంటుంది.

హ్యూబెల్, వీజెల్ అను శాస్త్రజ్ఞులు 1960 దశకంలో పిల్లికూనలకు ఒక కన్ను కొన్ని వారాలు మూసి ఉంచారు. తెరిచాక కన్ను బాగానే ఉంది గాని, మెదడుకు ఆ కంటితో చూడడం చేతకాలేదు. ఎదిగిన పిల్లులకు ఈ నష్టం కలుగలేదు. వారికి 1981లో నోబెల్ బహుమతి లభించింది. పసిమెదడుకు అందవలసిన పని ఆ వయసులోనే అందాలని దీనివల్ల తెలుస్తున్నది.

అమెరికాలో ఎడ్వర్డ్ టాబ్ కోతులపై చేసిన పరిశోధన మరొక మెట్టు. స్పర్శనరాలు కోసిన చేతిని కోతి వాడడం మానివేసింది. మంచి చేతిని కట్టివేస్తే, ఆ చేతినే మళ్ళీ వాడింది! దీని ఆధారంగా, ఒక చెయ్యి బలహీనమైన పిల్లలకు మంచి చేతికి తొడుగు వేసి, రోజూ కొన్ని గంటల చొప్పున కొన్ని వారాలు ఆటలు ఆడిస్తారు. ఇది వైద్యుల పర్యవేక్షణలోనే జరగాలి. దీనివల్ల ఎందరో పిల్లలకు చేతి వాడకం మెరుగుపడింది.

ఇందులో మనం గ్రహించవలసింది ఒక్కటే. పని చేయవలసింది బిడ్డే. ఎవరో కాళ్ళూ చేతులూ వంచి చాపినంత మాత్రాన మెదడు నేర్వదు. బొమ్మ కోసం బిడ్డే చెయ్యి చాపాలి, ముద్ద తానే నోటికి ఎత్తుకోవాలి, ఒలికినా సరే, వందసార్లు. ఫిజియోథెరపీ నిపుణులు దారి చూపుతారు. స్నానం, భోజనం, ఆట, ఇవే ఇంటి పాఠాలు.

నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకూ కూర్చోలేకపోయినా, ఏడాది నిండక ముందే ఒక్క చేతినే వాడుతున్నా, కాళ్ళు కత్తెరలా బిగుసుకున్నా వెంటనే వైద్యునికి చూపాలి. “మా వంశంలో నడక ఆలస్యమేలే” అని పెద్దలు ఓదార్చే నెలలు విలువైనవి, తిరిగి రావు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో ప్రారంభమైనప్పటి నుండి అనేక జిల్లాలలో ఇటువంటి పిల్లలకు ఉచిత కేంద్రాలు ఏర్పడ్డాయి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కూడా ఈ పిల్లలకు వర్తిస్తుంది.

మాట స్పష్టంగా రానంత మాత్రాన బుద్ధి లేదనుకోరాదు. వీరిలో ఎందరో చురుకైనవారు. అట్టి బిడ్డను ఇంట దాచిపెట్టక ఆదివారపు బడికి తీసుకురండి. గుడి మెట్ల ప్రక్కన చక్రాల కుర్చీకి ఏటవాలు దారి కట్టిద్దాము. రేయింబవళ్ళు ఎత్తుకుని అలసిన తల్లికి వారానికొక పూటైనా విశ్రాంతినిద్దాము.

అందరూ నడవకపోవచ్చు. కాని తన ముద్ద తాను తినగలిగిన నాడు ఆ ఇంట పండుగే. ఆ పండుగకు మనమూ చేయూతనిద్దాము.