బరువు ఎక్కడ పెట్టామన్నదే లెక్క

 నా మాటలన్నీ నౌకా నిర్మాణం చదివి పట్టాలు అందుకుంటున్న ఈ పిల్లలతోనే.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ రోజు చంకలో పిల్లతో ఊరొదిలి పరుగెత్తిన సంగతి మా నాయనమ్మ చెబుతుంటే వింటూ పెరిగాను. ఆ విమానాలు బయల్దేరిన ఓడ ర్యూజో. ఓడల పని నేర్చుకున్నాక దాని పుట్టుక వెతికి చదివాను. 1922 వాషింగ్టన్ ఒప్పందంలో పదివేల టన్నుల లోపు విమానవాహక నౌకలకు లెక్క లేదు. ఆ సందు చూసుకుని చిన్న ఓడ మొదలుపెట్టారు. కడుతూండగానే మరిన్ని విమానాలు పట్టాలంటూ పైన ఇంకో హ్యాంగరు ఎక్కించారు. చిన్న పునాది మీద మేడపైన మేడ!

తొమొజురు అనే ఇంకో జపాను ఓడలో అదే తప్పు ప్రాణాలు తీసింది. 1930 లండన్ ఒప్పందం 600 టన్నుల లోపు ఓడలను వదిలేసింది. అందుకని 535 టన్నుల పడవ నెత్తిన డిస్ట్రాయరుకు తగిన ఫిరంగులు, టార్పెడో గొట్టాలు పెట్టారు. దళంలో చేరి మూడు వారాలు నిండకముందే, 1934 మార్చి 12న, జపానులోని సాసెబో దగ్గర అలలకు తిరగబడింది. దాదాపు వందమంది పోయారు. శత్రువు ఒక్క గుండు కూడా పేల్చలేదు.

దాన్ని గీసిన ఫుజిమొతో కికువో ప్రతిభావంతుడు. అడిగినవన్నీ ఎలాగోలా ఇమిడ్చేవాడు. నింద ఆయన మీదే పడింది, మరుసటి జనవరిలో కన్నుమూశాడు. ఆయన్ని తిట్టడానికి నాకు మనసు రాదు. ఆయనకు ముందు ఆ పనిలో ఉన్న హిరగా యుజురు మాత్రం మ్యోకో తరగతి క్రూజర్లకు టార్పెడోలు వద్దని భీష్మించాడు. ఆయన విదేశాలకు వెళ్ళినప్పుడు వాటిని చేర్చేశారు, తర్వాత ఆయన్ని పరిశోధనశాలకు పంపేశారు. యుజురు అంటే 'ఇచ్చేయడం, తగ్గడం' అని అర్థం. జనం ఆయనకు 'తగ్గనివాడు' అని పేరు పెట్టారు. తొమొజురు తర్వాత ఆయన్నే మళ్ళీ సలహాకు పిలిచారు.

నేను ఆ హిరగాని కాలేకపోయాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక టగ్ పై డెక్కు మీద ఇంకో వించి, నీళ్ళ ట్యాంకు కావాలన్నారు. "చిన్న మార్పే కదా" అన్నారు పైవాళ్ళు. సంతకం పెట్టేశాను. ఓడ నిలకడ తేల్చే ఇన్‌క్లైనింగ్ టెస్టు రోజు డెక్కు మీద బరువు ఒక పక్కకు జరపగానే లోలకం మేం లెక్కగట్టిన గీత దాటి చాలా దూరం పోయింది. అడుగున కాంక్రీటు పోశాం, నాలుగు నెలలు ఆలస్యమైంది. రేవులో తెలిసింది కనుక మనుషులు మిగిలారు. ఆ లోలకం ఇప్పటికీ నా కళ్ళముందు ఊగుతుంది.

నిరుడు మీ చివరి ఏడాది ప్రాజెక్టులు చూశాను. పై బరువు సంగతి అడిగితే ఒకడు "సాఫ్ట్‌వేర్ పచ్చరంగు చూపించింది సార్" అన్నాడు. ఏం నాయనా అది? ఆ ఓడ గదిలో మీ తమ్ముడు పడుకుంటాడనుకుంటే ఆ పచ్చరంగు చాలుతుందా? మెటాసెంటర్ సూత్రం నిద్రలో కూడా రాస్తారు, కానీ "ఇది పైకి ఎక్కదండీ" అనే మూడు మాటలు పెద్దాయన ఎదుట నోట రావు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఇదొక్కటే తల్లీ.

భోజనాలయ్యాక మీ విభాగం టోయింగ్ ట్యాంకు దగ్గర కూర్చుంటాను. వద్దని చెప్పాలనిపించి ఊరుకున్న డ్రాయింగు ఎవరి దగ్గరైనా ఉంటే పట్టుకురండి. పెన్సిలు నేను తెస్తాను.