వారపు సెలవు పిల్లలది కూడా



రాయచూరు పత్తి మీద బతికే ఇళ్ళు మనవి. పొద్దున షిఫ్టుకు పోయేటప్పుడు పిల్లలు నిద్ర లేవరు. ఓవర్‌టైం చేసి వచ్చేసరికి మళ్ళీ నిద్రపోయి ఉంటారు. వాళ్ళకు అన్నం, బట్టతో పాటు మన మాటా పాటా కూడా కావాలి.

1886లో చికాగో కార్మికులు ఎనిమిది గంటల పని కోసం పోరాడారు. మిగిలిన గంటలు మనిషిగా బతకడానికే కదా! 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికొక సెలవు రాసిపెట్టింది. ఆ రోజు పిల్లలకిద్దాం.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. పత్తి పూసే కాలంలో చేనుకు తీసుకుపోదాం. లేత రంగులో విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు తిరుగుతుంది. మన కూడు ఎక్కడ మొదలవుతుందో పిల్లలు కళ్ళారా చూస్తారు.

రాయచూరు కోటకు పోదాం. అక్కడ 1294 నాటి తెలుగు శాసనం ఉంది. అంత పెద్ద బండను దున్నపోతుల బండి మీద లాక్కొచ్చిన దృశ్యం కూడా గోడ మీద చెక్కారు. రాజులతో పాటు కూలివాళ్ళూ చరిత్రలో ఉన్నారని చూపిద్దాం.

రాత్రి ఆరుబయట కూర్చుని మన నాట్ల పాటలు, జోలపాటలు పాడుదాం. మాన్వి జగన్నాథదాసు పాడింది ఈ జిల్లాలోనే. బడిలో నేర్చిన కన్నడ పాట పిల్లలు పాడితే మనమూ గొంతు కలుపుదాం.

సెలవు రోజున పనికి రమ్మంటే, బదులు సెలవు ఎప్పుడని అడుగుదాం. ఒక్కరుగా కాదు, అందరం కలిసి అడుగుదాం.