నితంబము: కవులు చూడని లోపలి భాగము



ఈ రజతోత్సవ సభలో నేను కావ్యప్రశంస చేయుదునని పలువురు తలచియుందురు. నేడు నితంబమును గూర్చి మాటలాడెదను. నవ్వకుడు. ప్రబంధకవులు దానిని విసుగు లేక వర్ణించిరి గాని, అందఱును వెలుపలనే నిలిచిపోయిరి. లోపల నేమున్నదో విచారించినవాడు సుశ్రుతుడు. ఆయన దేహమున 107 మర్మములను లెక్కించి, కుకుందరము, నితంబము అనువానిని వెనుకభాగపు మర్మములలో చేర్చెను. కుకుందరము గాయపడినచో దిగువ శరీరమున స్పర్శజ్ఞానము పోవును, కదలిక చెడునని ఆయన మతము.

లెక్కలు వ్రాయువాడను గనుక హద్దులతో చెప్పెదను. పిరుదునకు ఎగువ హద్దు తుంటియెముక అంచు. దిగువ హద్దు తొడతో కలియుచోటి ముడుత. లోపలి హద్దు నడిమి చీలిక. వెలుపలి హద్దు ప్రక్కన చేతికి తగులు తొడయెముక బుడిపె. ఈ క్షేత్రమున పైన క్రొవ్వు, దాని క్రింద దేహమున కెల్ల పెద్దదైన కండ. మెట్లెక్కునప్పుడును, పీటనుండి లేచునప్పుడును మనల నెత్తునది ఇదియే. సమనేలపై మెల్లగా నడచునప్పుడు దీనికి పని స్వల్పము. నిలుచున్నప్పుడు ఇది కూర్చుండు ఎముకను కప్పియుండును. కూర్చుండగానే ప్రక్కకు తొలగును. గంటలకొలది చిట్టాల ముందు కూర్చుండు నాబోటివారికిని, నాచారము పారిశ్రామికవాడలో బల్లముందు పనిచేయువారికిని ఈ సంగతి పుస్తకము చెప్పకయే తెలియును.

ఆ యెముకనుండి బయలుదేరి, తొడ వెనుకగా దిగి, మోకాలు దాటు కండలు మూడు. మోకాలు మడచి వెనుక తడిమినచో త్రాళ్లవలె తగులునవి వాని కొసలు. ముందునకు వంగినప్పుడు మనము పడిపోకుండ పట్టునవియు ఇవియే. ఒకనాడు ఉప్పల్ భగాయతు భూములలో పొద్దంతయు వంగి కలుపు తీసినవారి నడుగుడు.

అసలు విషయ మిప్పుడు వచ్చుచున్నది. త్రాడువంటి కండకొసను మనము నరమందుము, రక్తనాళమును నరమే, స్పర్శను, కదలికను మోయునదియు నరమే. మూడు ఖాతాలను ఒకే పద్దున వ్రాసినట్లున్నది! నిజమైన నరములలో కెల్ల లావైనది, వ్రేలంతటిది, ఇచ్చటనే యున్నది. నడుము దిగువ వెన్నునుండి వచ్చు 5 మూలములు కూడి, పిరుదుకండ క్రిందుగా, తొడ బుడిపెకును కూర్చుండు ఎముకకును నడుమ దిగి, సాధారణముగా మోకాలికి ఎగువన రెండుగా చీలును. ఈ దారిలో కలుగు బాధనే సుశ్రుతుడు గృధ్రసి యనెను. కాలు పైకెత్తనీయదని గుర్తు చెప్పెను. నేటి వైద్యుడును రోగిని వెల్లకిల పరుండబెట్టి, చాచిన కాలు నెత్తియే చూచును. ఇన్ని శతాబ్దములకును పరీక్ష మాఱకుండుట నాకు మిక్కిలి ముచ్చటగొలిపినది.

ఇక సూది మాట. జ్వరము తగిలినంతనే శిక్షణ లేనివాని నడిగి సూది వేయించుకొను అలవాటు మనలో నింకను పోలేదు. పిరుదును నిలువుగా, అడ్డముగా గీచి నాలుగు చెక్కలు చేయుడు. సూదికి తగినది వెలుపలి ఎగువ చెక్క యొక్కటే. క్రిందికి గాని లోపలికి గాని తప్పి నరమునకు తగిలినచో పాదము వ్రేలాడబడును. కొందఱికి ఆ బలము మఱల రాదు. అందుచేత తుంటి ప్రక్కభాగమే మేలని నేడు పలువురు చెప్పుచున్నారు. పసిబిడ్డకు పిరుదుపై సూది వలదు. టీకాలను తొడ ముందువైపు వెలుపలి భాగమున వేయుదురు. మన యిండ్లలో పెద్దవారు బిడ్డను అలవాటుగా బోర్లించి పట్టుకొందురు. ఒడిలో ముందువైపు త్రిప్పి కూర్చుండబెట్టుకొన్న చాలును.