పాటల పుస్తకము – సంఘము జ్ఞాపకము
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగనాడు కట్టిన దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను లెక్కించుకొనుట సహజమే. అయితే మన పెద్దలు ఏమి కట్టినారో ఆ గోడలు చెప్పును గాని, దేని కొరకు ఆనందించినారో, దేని కొరకు ఏడ్చినారో చెప్పలేవు. అది చెప్పునవి పాటల పుస్తకములు. వాటిని గూర్చి కొంతసేపు ఆలోచించుదము.

ముందుగా పరిశుద్ధ గ్రంథములోని కీర్తనలను చూడుడి. అవి ఒక్కరు ఒక్కనాడు వ్రాసినవి కావు. 150 కీర్తనలు ఐదు భాగములుగా ఉన్నవి. 73 కీర్తనలకు దావీదు పేరు, 12 కీర్తనలకు ఆసాపు పేరు ఉన్నవి. 90వది మోషే ప్రార్థన. కొన్నింటికి పేరే లేదు. దావీదు ప్రార్థనలు ముగిసినవని 72వ కీర్తన చివర ఉన్నను, ఆ తరువాత కూడ ఆయన పేరున కీర్తనలు కలవు. 14వది, 53వది ఇంచుమించు ఒక్కటే. చిన్న చిన్న సంపుటములు తరతరములుగా చేరి ఈ గ్రంథమైనదని దీనినిబట్టి తెలియుచున్నది.

కూర్చినవారు ఇంపైన వాటినే ఏరుకొనలేదు. 88వ కీర్తన చీకటిలోనే ముగియును. 137వ కీర్తనలో బబులోను చెరలోనివారి కన్నీటితోపాటు కోపమును ఉన్నది. దేవుని యెదుట మొరపెట్టినవాని నోరు వారు మూయలేదు. అందుచేతనే బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి నేటికిని ఆ గ్రంథములో చోటున్నది.

మన తెలుగు దేశములోను కూర్చినవారి ఋణము తక్కువ కాదు. జనుల నోళ్లలోను, వ్రాతప్రతులలోను చెదరియున్న వేమన పద్యములను సి.పి. బ్రౌను దొరగారు సేకరించి 1829లో అచ్చువేయించినారు. పద్యము చెప్పినవాడొకడు, దానిని నిలిపినవాడు మరియొకడు.

మన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' కూడ అట్టి సంపుటమే. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తుల పాటలను రాగతాళములతో సహా అది మనకందించినది. ఏ మిషను సంఘమునకు పోయినను ఆ పాటలు వినబడును.

గుఱ్ఱం జాషువగారు (1895–1971) వినుకొండలో పుట్టినవారు. వారి 'క్రీస్తు చరిత్ర'కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మన సభలలో దానిని గర్వముగా చెప్పుకొందుము. 1941లో వెలువడిన 'గబ్బిలము'ను అంతగా తలచుకొనము. గుడిలో అడుగుపెట్టనివ్వబడని వాడు, గుడిలోనికి పోగల గబ్బిలముతో తన గోడును కాశీలోని శివునికి చెప్పి పంపుట అందలి కథ. 88వ కీర్తనను చదువు సంఘము ఈ మొరను వినకుండ ఉండరాదు.

ఇప్పుడు మన స్థితి చూచుకొందము. కొత్త పాటలు వచ్చుచున్నవి, సంతోషమే. కాని తెరమీద మాటలు కనబడును గాని, వ్రాసినవారి పేరు తరచుగా కనబడదు. స్తుతి పాటలు వందలుగా నేర్చుకొనుచున్నాము. విలాప గీతము అరుదైపోయినది. పల్లెలలో ఉపదేశకులు, బైబిలు స్త్రీలు చేతివ్రాతతో నింపుకొన్న పాటల నోటుబుక్కులు పాత కాగితములతోపాటు తూకమునకు పోవుచున్నవి. వాటి బాణీలు తెలిసిన వృద్ధులును వెళ్లిపోవుచున్నారు. అచ్చు కాని పాట పోయినయెడల వెదకి తెచ్చుటకు మరియొక ప్రతి ఉండదు.

కావున మా మనవి ఇది. ఈ సంవత్సరము ప్రతి పాస్టరేటులో ఇద్దరు ముగ్గురు యౌవనస్థులు ఆ నోటుబుక్కులను వెదకవలెను. ఇంటివారి అనుమతితో నకలు తీసి, అసలు ప్రతిని వారికే తిరిగి ఇయ్యవలెను. వ్రాసినవారి పేరు, ఊరు, ఏ సందర్భమున పాడినారో గుర్తించవలెను. వృద్ధుల చేత పాడించి ఫోనులోనైనను బాణీ పట్టవలెను. యాస దిద్దవద్దు, ఏడ్పు పాటను తీసివేయవద్దు. ఒక ప్రతి అధ్యక్ష మండల కార్యాలయములో భద్రపరచవలెను.

మరల నూరేండ్లకు ఇచ్చట కూడువారు మన కట్టడములకు మరమ్మతు చేసికొందురు. పోయిన పాటను మాత్రము వారు బాగుచేయలేరు; దానిని ఇప్పుడే, మనమే కాపాడవలెను. అందుకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.