పేరులేని ఉత్తరములు

(నిజామాబాదున జరిగిన పాఠకుల సభలో ఒక న్యాయవాది యిచ్చిన ఉపన్యాసము)



పత్రికకు ఉత్తరము వ్రాయువాడు పేరు దాచుకొనవచ్చునా, దాచుకొన్నచో దానిని అచ్చువేయవచ్చునా అను ప్రశ్నపై నాలుగు మాటలు చెప్పుమని కోరితిరి. ఇది చూచుటకు చిన్న విషయము. కాని పత్రికలో వినవచ్చునది ప్రజల గొంతుకయా, చాటున నిలిచి రాళ్లు రువ్వువారి గొంతుకయా అనునది దీనిపైననే ఆధారపడియున్నది.

పేరులేని ఉత్తరములన్నియు పిరికివారి వ్రాతలేయని కొందఱందురు. ఇది న్యాయము కాదు. మన పట్టణపు ఖిల్లా జైలులో 1948లో దాశరథి కృష్ణమాచార్యులుగారు బొగ్గుతో గోడలపై నిజామును ధిక్కరించు పద్యములు వ్రాసిరి. ఆ సంవత్సరమే ఆగస్టులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ తన వ్రాతల కొఱకు హైదరాబాదున ప్రాణములర్పించెను. అట్టి ధైర్యమునకు చేతులెత్తి మ్రొక్కుదము. కాని దానిని ప్రతివానినుండి కోరుటకు మనకు అధికారమెక్కడిది? 2015 డిసెంబరులో బోధను చక్కెర కర్మాగారమున లేఆఫ్ ప్రకటింపబడినప్పుడు జీవనాధారము పోయిన కార్మికుని తలచుకొనుడు. చెరకును దూరపు మిల్లునకు తోలుకొను రైతును తలచుకొనుడు. ఏదేని మిల్లులో కాటా తప్పుచున్నదని పత్రికకు వ్రాసిన రైతు మరునాడు తన బండితో ఆ కాటా ముందరనే నిలువవలయును గదా!

పేరు మరుగుపఱచుట పెద్దలు నడచిన త్రోవయే. 1787-88లో అమెరికా రాజ్యాంగమును సమర్థించుచు హామిల్టన్, మాడిసన్, జే అను మువ్వురు 'పబ్లియస్' అను ఒక్క మారుపేరుతో వ్యాసములు ప్రకటించిరి. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో వెలసిన గోలకొండ పత్రికలో మారుపేర్లతోను వ్రాసిరి. కాని సంపాదకులుగా వారి అసలు పేరు లోకమెఱిగినదే. వ్రాతకు మారుపేరుండెను గాని బాధ్యతకు లేకుండెను. నేను చెప్పదలచినది ఇంతియే.

కావున వ్రాసినవాని పేరు లోకమునకు తెలియకున్నను సంపాదకునికి తెలిసితీరవలయును. 2014లో పార్లమెంటు ఆమోదించిన అవినీతి ఫిర్యాదుదారుల రక్షణ చట్టమునందును ఇదే సూత్రమున్నది: ఊరు పేరు లేని ఫిర్యాదుపై విచారణ లేదు, పేరిచ్చినవాని పేరు అధికారి గుప్తముగా నుంచవలయును. అయితే న్యాయస్థానము ఆజ్ఞాపించినచో పత్రిక ఆ పేరు చెప్పవలసి రావచ్చును. ఈ సంగతి వ్రాయువానికి ముందే తెలుపుట సంపాదకుని ధర్మము. నిలుపుకొనలేని మాట ఇచ్చుటకంటె ఇయ్యకుండుటయే మేలు.

ఇక వ్యక్తులపై నిందలు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షను ప్రకారము పరువునకు భంగకరమని తెలిసియు అచ్చువేసినవాడును శిక్షార్హుడే. శిక్ష రెండేండ్ల వఱకు ఉండవచ్చును. నింద నిజమైన మాత్రమున చాలదు, దానిని ప్రకటించుట ప్రజాహితము కూడ కావలయును. కాబట్టి ఒకని పేరెత్తి దూషించు ఉత్తరమునకు ఆధారము చూడక స్థలమీయరాదు. దూషింపబడినవాని సమాధానమునకును అంతే చోటీయవలయును. కులమును, మతమును, స్త్రీలను అవమానించు వ్రాత చెత్తబుట్టకే తగును.

అట్లని చేదుగానున్న ప్రతిమాటను త్రోసివేయరాదు. తెలంగాణమున కవులు లేరని ఒకరు ఆక్షేపించినప్పుడు ప్రతాపరెడ్డిగారు తిట్టుటకు పూనుకొనలేదు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆక్షేపణకు తగిన జవాబు అది!

తుదకు ఒక మాట. ఉద్యమములలో పనిచేయువారము గనుక చెప్పుచున్నాను. ఎదిరిపక్షమును తిట్టు ఆకాశరామన్న ఉత్తరము మనకు తీయగానుండును. మనవారి తప్పెన్ను ఉత్తరము, సంతకముతో వచ్చినను, బల్లసొరుగులో పడియుండును. ఏ నియమమునకైనను పరీక్ష ఇచ్చటనే. మన పక్షమునకు వర్తింపని నియమము నియమము కాదు, పక్షపాతమునకు తొడిగిన అంగరఖా మాత్రమే. భయపడువానికి మఱుగిత్తము, మోసగానికి ఈయము. ఆ రెంటి భేదమును కనిపెట్టుటకే సంపాదకుడున్నాడు. అందులకే అతని పేరు పత్రికపై అచ్చగుచున్నది.