భజన మందిరం నుంచి రేడియో దాకా

17వ శతాబ్దంలో నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా పనిచేసి, అడవి అంచున గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలంలో రామాలయం కట్టించి, ఆ కారణంగా గోల్కొండ చెరసాల పాలైన కంచర్ల గోపన్న కృతులే రామదాసు కీర్తనలు.

చాలాకాలం వీటిని బతికించింది భజన బృందమే. ఒకరు చరణం ఎత్తుకుంటే తక్కినవారు పల్లవి అందుకునేవారు; చిడతలు, అంటే లోహపు బిళ్లలు బిగించిన చెక్క పలకలు, లయను నిలిపేవి. ఒకే పాట బాణీ ఊరూరికీ మారేది.

1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక ఈ తీరు మారింది. పొద్దున్నే భక్తిపాటలు వినిపించే భక్తిరంజని కార్యక్రమం, ఆపై గ్రామఫోను రికార్డులు గాయకుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతును ఇళ్లకు చేర్చడంతో, ఆయన పాడిన బాణీలే ఎందరి నోటనో స్థిరపడ్డాయి.

భజన పాటను నిలిపింది. రేడియో దాన్ని ఇంటింటికీ చేర్చింది. చేర్చడంతో పాటు బాణీని స్థిరపరచింది. ఆ కాలం తెచ్చిన అసలు మార్పు ఇదే.